వంతుకు మించి కోరని ఫారడే

1801వ సంవత్సరం. ఇంగ్లండులో ధాన్యం ధరలు పేదవాడికి అందనంతగా పెరిగిపోయాయి. లండన్‌లోని ఒక కమ్మరి కుటుంబానికి ఆ రోజులు మరీ గడ్డుగా గడిచాయి. తండ్రి జేమ్స్‌కు ఆరోగ్యం అంతంతమాత్రం. కొలిమి పనికి ఒళ్లు సహకరించేది కాదు. తల్లి మార్గరెట్ ఉన్నదాన్నే పిల్లలకు సర్దిపెట్టేది. తొమ్మిదేళ్ల మైకేల్ చేతికి ఒక రొట్టె ఇచ్చేవారు. అది ఒక పూటకు కాదు, వారం రోజులకు. ఇవాళ ఎక్కువ తింటే రేపు పస్తు తప్పదని ఆ పసివాడికి ఎవరూ పాఠం చెప్పనక్కరలేకపోయింది.

అరణ్యంలో ఇశ్రాయేలీయులకు మన్నా కురిసినప్పుడు దేవుడు పెట్టిన నియమం మనకు తెలుసు. ఏ రోజుకు కావలసినంత ఆ రోజే, మనిషికి ఒక కొలత చొప్పున కూర్చుకోవాలి. ఆశపడి దాచుకున్నది పురుగుపట్టింది. తనకు కొలిచి ఇచ్చిన వంతుతో తృప్తి పడడం విశ్వాసికి నేర్చుకోదగిన పాఠాల్లో కష్టమైనది. వారానికి ఒక రొట్టెతో పెరిగిన ఆ కుర్రవాడు ఈ పాఠాన్ని జీవితమంతా మరవలేదు. విచిత్రమేమంటే, విద్యుత్తు కూడా ప్రకృతిలో కొలిచి పెట్టిన వంతులుగానే ఉంటుందన్న సత్యానికి మొదటి దారి చూపినవాడూ ఆయనే. ఆయనే మైకేల్ ఫారడే.

మైకేల్ 1791 సెప్టెంబరు 22న లండన్‌కు దక్షిణాన ఉన్న న్యూయింగ్టన్ బట్స్‌లో జన్మించాడు. బడి చదువు చదవడం, రాయడం, కొద్దిపాటి లెక్కలతో ముగిసింది. పదమూడో ఏట జార్జి రీబో అనే పుస్తకాల వ్యాపారి దగ్గర వార్తాపత్రికలు ఇళ్లకు చేరవేసే పనిలో చేరాడు. మరుసటి ఏడు, అంటే 1805లో, అదే అంగడిలో పుస్తకాల బైండింగు నేర్చుకోవడానికి ఏడేళ్ల ఒప్పందం కుదిరింది. పుస్తకాలకు కుట్టు వేసి అట్టలు అంటించడమే అతని పని. అయితే అట్ట వేయడానికి వచ్చిన పుస్తకాన్ని తెరిచి చదవకుండా వదిలేవాడు కాదు. యజమాని కూడా అడ్డు చెప్పలేదు.

అలా ఒకరోజు ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాలో విద్యుత్తు గురించిన వ్యాసం కంటపడింది. జేన్ మార్సెట్ అనే రచయిత్రి రసాయన శాస్త్రాన్ని సంభాషణలుగా రాసిన పుస్తకం కూడా దొరికింది. చదివినదాన్ని నమ్మేముందు చేసి చూడాలన్నది అతని పట్టుదల. జేబులో ఉన్న కాసిని చిల్లర డబ్బులతో సామాన్లు కొని, రాపిడితో విద్యుత్తు పుట్టించే చిన్న యంత్రాన్ని తయారు చేసుకున్నాడు.

పొడి జుట్టును దువ్విన ప్లాస్టిక్ దువ్వెన చిన్న కాగితపు ముక్కలను లాగుతుంది. ఈ ఆట ఆడని పిల్లలుండరు. దువ్వెనకు అంటిన ఆ గుణాన్ని విద్యుదావేశం అంటారు. అది ధనావేశం, ఋణావేశం అని రెండు రకాలు. ఒకే రకం ఆవేశాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, వేర్వేరు రకాలు ఆకర్షించుకుంటాయి. ఫారడే చిన్నతనానికే ఈ సంగతులు లోకానికి తెలుసు. అసలు ఆవేశం అంటే ఏమిటి? అది నీటివంటి ద్రవమా? ఒక రకమా, రెండు రకాలా? పండితులు వాదులాడుకుంటున్నారు. పరమాణువులో ఎలక్ట్రాన్ అనే అతి చిన్న కణం ఉందనీ, రాపిడిలో అది ఒక వస్తువు నుంచి మరొకదానికి చేరుతుందనీ అప్పటికి ఎవరూ ఎరుగరు.

1810లో తండ్రి మరణించాడు. కమ్మరి పనిలో స్థిరపడిన అన్న రాబర్ట్, ఒక్కో ఉపన్యాసానికి ఒక షిల్లింగు చొప్పున చెల్లించి తమ్ముణ్ణి విజ్ఞాన ఉపన్యాసాలకు పంపేవాడు. 1812లో అంగడికి వచ్చే ఒక పెద్దమనిషి ఆ కుర్రవాడి శ్రద్ధ గమనించి, రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ ఇచ్చే నాలుగు ఉపన్యాసాలకు టికెట్లు ఇచ్చాడు. డేవీ ఆనాటి ప్రఖ్యాత రసాయన శాస్త్రవేత్త. మైకేల్ ప్రతి మాటా రాసుకుని, బొమ్మలు వేసి, తన చేతులతోనే బైండు చేసి ఆ పుస్తకాన్ని డేవీకి పంపాడు. దాని ఫలితంగా 1813 మార్చి 1న ప్రయోగశాల సహాయకుడిగా నియామకం దొరికింది. వారానికి 25 షిల్లింగుల జీతం, భవనం పై అంతస్తులో రెండు గదులు, పొయ్యికి బొగ్గులు, వెలుతురుకు కొవ్వొత్తులు. ఆ భవనంలోనే ఫారడే నలభై ఏళ్లకు పైగా నివసించారు.

అదే ఏడు డేవీ దంపతులతో కలిసి యూరప్ యాత్రకు వెళ్లారు. శాస్త్ర సహాయకుడిగా బయలుదేరిన ఫారడే డేవీ బట్టలు, సామాన్లు చూసే పనివాడి బాధ్యత కూడా మోయవలసి వచ్చింది. డేవీ భార్య ఆయనను నౌకరుగానే చూసింది. మధ్యలో వదిలేసి ఇంటికి పోదామా అన్నంతగా మనసు గాయపడింది. అయినా ఆగారు. ఆ యాత్రలోనే 1814లో, విద్యుత్ ఘటాన్ని కనిపెట్టిన వోల్టాను కళ్లారా చూశారు. పుస్తకాలకు అట్టలు వేసే కుర్రవాడికి అది విశ్వవిద్యాలయం కన్నా తక్కువ కాదు.

ఫారడే కుటుంబం శాండిమేనియన్ అనే చిన్న ప్రొటెస్టెంటు సంఘానికి చెందినది. 18వ శతాబ్దంలో స్కాట్లాండులో జాన్ గ్లాస్ బోధతో మొదలై, ఆయన అల్లుడు రాబర్ట్ శాండిమన్ ద్వారా వ్యాపించిన సంఘమిది. వారికి జీతం తీసుకునే పాదిరి లేడు. సంఘం ఎన్నుకున్న పెద్దలే వాక్యం చెప్పేవారు. ప్రతి ఆదివారం ప్రభువు బల్ల ఉండేది. రెండు ఆరాధనల మధ్య ధనిక, పేద భేదం లేకుండా అందరూ కలిసి భోంచేసేవారు. భూమి మీద ధనం కూడబెట్టుకోవద్దన్న ప్రభువు మాటను ఉన్నది ఉన్నట్టుగా తీసుకునేవారు. 1821 జూన్ 12న ఫారడే అదే సంఘానికి చెందిన సారా బర్నార్డ్‌ను వివాహం చేసుకున్నారు. ఆ దంపతులకు పిల్లలు లేరు. పెళ్లయిన నెల రోజులకు, జూలై 15న, సంఘం ముందు నిలబడి తన విశ్వాసాన్ని ఒప్పుకుని సభ్యుడయ్యారు. ఆ సంగతి ముందుగా భార్యకు కూడా చెప్పలేదు. అది తనకూ దేవునికీ మధ్య విషయమని ఆయన ఉద్దేశం.

ఆ సెప్టెంబరులోనే ఆయనకు మొదటి గొప్ప విజయం దక్కింది. విద్యుత్తు ప్రవహించే తీగ అయస్కాంతం చుట్టూ తిరిగేలా చేశారు. నేటి విద్యుత్ మోటారుకు మూలం అదే. కానీ విజయం వెనుకే నింద వచ్చింది. అటువంటి ఆలోచనే ఉన్న వోలాస్టన్ అనే పెద్ద శాస్త్రవేత్త పేరు చెప్పకుండా ఫారడే ప్రచురించారని గుసగుసలు లేచాయి. ఒకరి రొట్టె ముక్కను ఇంకొకరు తీసుకున్నారన్న నింద! వంతు దాటడం ఎరుగని మనిషికి ఇంతకన్నా బాధ ఏముంటుంది? ఆయన నేరుగా వోలాస్టన్‌కే ఉత్తరం రాసి సంజాయిషీ ఇచ్చుకున్నారు. 1824లో రాయల్ సొసైటీ సభ్యత్వానికి ఆయన పేరు వచ్చినప్పుడు, సొసైటీ అధ్యక్షుడైన డేవీయే వ్యతిరేకించారు. ఫారడే ఎన్నికయ్యారు. గురువు మీద చెడ్డ మాట మాత్రం ఆయన నోట రాలేదు. తన ఎదుగుదలకు డేవీయే కారణమని చివరివరకూ కృతజ్ఞతతో చెప్పుకున్నారు.

1831 ఆగస్టు 29న ఇనుప కడియానికి రెండు వైపులా తీగలు చుట్టి, అయస్కాంత శక్తి మారినప్పుడు పక్క తీగలో విద్యుత్తు పుడుతుందని కనిపెట్టారు. ఈనాడు జల విద్యుత్ కేంద్రంలో టర్బైను తిరిగినా, బొగ్గు కేంద్రంలో తిరిగినా, మన ఇంటికి కరెంటు వచ్చేది ఈ సూత్రం మీదనే. అయితే మనం ఇక్కడ ప్రత్యేకంగా చెప్పుకోవలసినది ఆ తరువాతి రెండు మూడేళ్ల పని.

మెరుపులోని విద్యుత్తు, ఘటం నుంచి వచ్చే విద్యుత్తు, రాపిడితో పుట్టే విద్యుత్తు, కొన్ని చేపల ఒంట్లో ఉండే విద్యుత్తు వేర్వేరా, ఒకటేనా అన్న సందేహం అప్పట్లో ఉండేది. అవన్నీ ఒకటేనని ఫారడే ఒక్కొక్కటిగా పరీక్షించి తేల్చారు. తరువాత ద్రవాల గుండా విద్యుత్తును పంపి, ఎంత విద్యుత్తుకు ఎంత పదార్థం విడిపోతుందో తూచడం మొదలుపెట్టారు. దీన్నే విద్యుద్విశ్లేషణ అంటాం. గిల్టు నగల మీద బంగారు పూత వేసేదీ, స్టీలు మీద వెండి మెరుగు పెట్టేదీ ఈ పద్ధతిలోనే.

ఆయన తూకంలో రెండు నియమాలు బయటపడ్డాయి. మొదటిది: విద్యుత్తు రెట్టింపయితే విడిపోయే పదార్థమూ సరిగ్గా రెట్టింపవుతుంది. పాత్ర పెద్దదా చిన్నదా, ద్రవం చిక్కనా పలచనా అన్నదానితో పని లేదు. రెండోది ఇంకా ఆశ్చర్యకరమైనది. 1 గ్రాము హైడ్రోజన్‌ను విడదీసే విద్యుత్తే 8 గ్రాముల ఆక్సిజన్‌ను, సుమారు 32 గ్రాముల రాగిని, సుమారు 108 గ్రాముల వెండిని విడదీస్తుంది. బరువులు వేరు, విద్యుత్తు మాత్రం ఒక్కటే. అంటే ప్రతి పరమాణువుకూ ఇంత అని కొలిచి పెట్టిన విద్యుదావేశం ఉన్నట్టే కదా! కొన్నింటికి ఒక వంతు, కొన్నింటికి రెండు. అర వంతు, ముప్పావు వంతు అన్నది ఎక్కడా లేదు. 1834లో ఈ పనిని ప్రచురిస్తూ, తన పండిత మిత్రుల సలహాతో ఆయన వాడుకలోకి తెచ్చిన ఆనోడ్, కాథోడ్, అయాన్, ఎలక్ట్రోడ్ అనే మాటలను ఇవాళ మన పిల్లలు బడిలో చదువుతున్నారు.

ఇక్కడ ఒక అడుగు ముందుకు వేస్తే ఎలక్ట్రాన్ ఆయనదే. విద్యుత్తుకు కూడా పరమాణువు ఉందని ప్రకటిస్తే సరిపోయేది. పరమాణు సిద్ధాంతమే నిజమైతే, సమానమైన పరమాణువులకు సమానమైన విద్యుత్తు సహజంగా అంటిపెట్టుకుని ఉండాలని ఆయన రాశారు కూడా. కానీ వెంటనే ఆగిపోయారు. పరమాణువు గురించి మాట్లాడడం సులభమే గాని, దాని స్వరూపం గురించి స్పష్టమైన భావం ఏర్పరచుకోవడం చాలా కష్టమని ఒప్పుకున్నారు. ఆ మాటను వాడడానికే ఆయనకు సంకోచం. తూచిన దానిని చెప్పారు. తూచని దానిని తన పేర రాసుకోలేదు. అందుకు ఆయన ఒక పెద్ద కీర్తిని పోగొట్టుకున్నారని కొందరు అనుకోవచ్చు. ఆయనకు మాత్రం అది తన వంతు కాని రొట్టె.

1836 జనవరిలో ఆయన చేసిన ఒక ప్రయోగం చూసినవారిని నివ్వెరపరచింది. పన్నెండు అడుగుల ఎత్తు, అంతే వెడల్పు ఉన్న పెట్టెను చెక్క చట్రంతో కట్టించి, చుట్టూ లోహపు తీగలు, రేకులు తొడిగించారు. దానికి బలమైన విద్యుదావేశం ఎక్కించారు. బయట నిప్పురవ్వలు చిటపటలాడుతుంటే, ఫారడే లోపలికి వెళ్లి కూర్చున్నారు. లోపల అతి సున్నితమైన పరికరం కూడా చలించలేదు. ఆవేశమంతా బయటి పొర మీదే నిలిచింది. మెరుపులు మెరిసే వేళ కారులో కూర్చున్నవారికి రక్షణ దొరకడానికి కారణమిదే. ఒకే జాతి ఆవేశం కలిగిన ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ బయటి అంచుకు చేరిపోతాయని ఇప్పుడు మనకు తెలుసు. 1843లో మంచుగడ్డలు ఉంచే లోహపు బకెట్‌లోకి ఆవేశమున్న ఇత్తడి గుండును పట్టుదారంతో దించి, లోపల ఎంత ఆవేశం ఉంటే బయట సరిగ్గా అంతే కనబడుతుందని చూపించారు. ఆవేశం శూన్యంలోంచి పుట్టదు, మాయమైపోదు. ఒకచోట తగ్గితే మరొకచోట అంతే పెరుగుతుంది.

లోకం మెప్పు కూడా ఫారడేకు ఆ పెట్టె మీది విద్యుత్తు లాగానే ఉండిపోయింది. బయట ఎంత మోగినా లోపలికి రానివ్వలేదు. రాయల్ ఇన్‌స్టిట్యూషన్ ఆయనకు ఇచ్చే జీతం చాలాకాలం ఏడాదికి 100 పౌండ్లే. పరిశ్రమలకు సలహాలిచ్చి 1830లో ఆయన వెయ్యి పౌండ్లకు పైగా సంపాదించారు. అదే దారిలో నడిస్తే ధనికుడయ్యేవారు. కానీ పరిశోధనకు సమయం చాలదని క్రమంగా ఆ పనులన్నీ మానుకున్నారు. రోగులను చూడడానికి, పేదలకు చేయగలిగింది చేయడానికి వెళ్లేవారు. ఓడలకు దారి చూపే దీపస్తంభాలను మెరుగుపరచడానికి 1836 నుంచి దాదాపు మూడు దశాబ్దాలు శ్రమించారు. పిల్లల కోసం క్రిస్మస్ సెలవుల్లో 19 ఏళ్లు ఉపన్యాసాలిచ్చారు. రాయల్ సొసైటీ అధ్యక్ష పదవి వెతుక్కుంటూ వచ్చినా వద్దన్నారు. తాను మామూలు మైకేల్ ఫారడేగానే ఉండిపోవాలని కోరుకున్నారు.

ఇక్కడివరకు చదివితే ఆయన జీవితం తిన్నని దారిలో సాగిపోయిందనిపిస్తుంది. కాదు. 1840 అక్టోబరులో సంఘం ఆయనను పెద్దగా ఎన్నుకుంది. వారమంతా ప్రయోగశాలలో ఉన్న మనిషి ఆదివారం లండన్‌లో పాల్స్ ఆలీ అనే ఇరుకు సందులోని మందిరంలో వాక్యం చెప్పేవారు. అంతలోనే, 1844 మార్చి 31, ఆదివారం నాడు, ఆ సంఘమే మరికొందరితో పాటు ఆయనను వెలి వేసింది. విక్టోరియా రాణి విందుకు వెళ్లి ఆదివారం ఆరాధన మానినందుకే ఇలా జరిగిందని ఒక కథ చాలాకాలంగా ప్రచారంలో ఉంది. దానికి ఆధారాల్లేవు. సంఘ క్రమశిక్షణ గురించి ఆ రోజుల్లో తలెత్తిన విభేదమే కారణమని చరిత్రకారులు భావిస్తున్నారు.

ఒక్కసారి ఆలోచించండి. అప్పటికి యూరప్ అంతటా ఆయన పేరు తెలియని శాస్త్రవేత్త లేడు. రాజులు, మంత్రులు ఆయన ఉపన్యాసం వినాలని కోరుకునేవారు. అటువంటి మనిషిని కొద్దిమంది సామాన్యులున్న ఒక చిన్న సంఘం ప్రభువు బల్లకు దూరం పెట్టింది. ఆయన వెళ్లిపోతే ఆపేవారెవరు? ఏ పెద్ద సంఘమైనా ఆయనను ఎర్ర తివాచీ పరచి పిలిచేది. లేదా నాలుగు మాటలు రాసి ఆ పెద్దల పరువు తీయవచ్చు. ఆయన ఆ రెండూ చేయలేదు. లోకం మెప్పును లోపలికి రానివ్వని మనిషి సంఘం మందలింపును మాత్రం గుండె లోతుల్లోకి తీసుకున్నారు. చాలా కుంగిపోయారు. తగ్గించుకున్నారు. కనిపెట్టుకుని ఉన్నారు. మే 5న, అయిదు వారాల తరువాత, సంఘం ఆయనను తిరిగి చేర్చుకుంది. పెద్దరికం మాత్రం వెంటనే తిరిగి రాలేదు. ఒకప్పుడు తాను నిలబడి వాక్యం చెప్పిన చోట పదహారేళ్లు మామూలు సభ్యుడిగా కూర్చుని విన్నారు. 1860లో గాని మళ్లీ పెద్ద కాలేదు.

సంఘం చేసింది న్యాయమా, అన్యాయమా అన్నది మనం ఇక్కడ తీర్పు తీర్చలేం. పెద్దలు కూడా పొరపాటు పడవచ్చు. ఫారడే ఏమి చేశారన్నదే మనకు పాఠం. అదే ఏడాది అక్టోబరులో, గణితంలో పేరు పొందిన ఏడా లవ్‌లేస్ ఆయన విశ్వాసం గురించి ఉత్తరం ద్వారా అడిగారు. తాను లోకం చిన్నచూపు చూసే ఒక చిన్న గుంపుకు చెందినవాడిననీ, తమ నిరీక్షణ క్రీస్తునందలి విశ్వాసం మీద ఆధారపడి ఉందనీ ఆయన జవాబు రాశారు. ఆ గుంపు తనను వెలి వేసి అప్పటికి ఏడు నెలలే అయింది. అయినా వారిని తనవారనే చెప్పుకున్నారు.

శాస్త్రాన్నీ విశ్వాసాన్నీ ఆయన కలగాపులగం చేయలేదు. ప్రయోగశాలలో తూకానికి నిలిచినదే మాట్లాడారు. రక్షణ విషయంలో మానవ తర్కం చాలదని, దేవుడు బయలుపరచినదే ఆధారమని నమ్మారు. అయితే 1854లో ఇచ్చిన ఒక ఉపన్యాసంలో, దేవుని అదృశ్య లక్షణాలు సృష్టించబడిన వాటి ద్వారా తేటపడుతున్నాయని అపొస్తలుడైన పౌలు రోమా సంఘానికి రాసిన మాటను గుర్తు చేశారు. కంటికి కనబడని దానిని కనబడే తూకంతో వెతికిన మనిషికి ఆ మాట ఎంత దగ్గరగా తోచిందో ఊహించవచ్చు.

వయసు మీదపడే కొద్దీ జ్ఞాపకశక్తి ఆయనను విడిచిపోసాగింది. నిన్న చేసిన ప్రయోగం ఇవాళ గుర్తుండేది కాదు. అయినా 1862 మార్చిలో చివరి ప్రయోగానికి పూనుకున్నారు. వెలిగే జ్వాలను బలమైన అయస్కాంతం మధ్య ఉంచి, దాని వెలుగులోని రంగు గీతల్లో మార్పు వస్తుందేమో చూశారు. ఏమీ కనబడలేదు. మార్పు ఉండితీరాలని మనసులో ఉన్నా, కనబడలేదనే పుస్తకంలో రాశారు. ఆయన దగ్గరున్న పరికరానికి అంత సూక్ష్మత లేదు. 34 ఏళ్ల తరువాత, 1896లో, హాలెండులో పీటర్ జీమన్ ఫారడే విఫల ప్రయత్నం గురించి చదివి, మెరుగైన పరికరంతో అదే ప్రయోగం చేశారు. గీతలు వెడల్పయ్యాయి. పరమాణువు లోపల ఋణావేశం గల అతి తేలికైన కణం ఉందని ఆ వెడల్పును బట్టి లెక్క తేలింది. ఫారడే చివరిసారి తట్టింది ఎలక్ట్రాన్ తలుపునే.

ఫారడే 1867 ఆగస్టు 25న హాంప్టన్ కోర్టులో, విక్టోరియా రాణి నివాసానికి ఇచ్చిన ఇంట్లో, కుర్చీలో కూర్చునే ప్రభువు సన్నిధికి చేరారు. హైగేట్ శ్మశానంలో ఆర్భాటం లేకుండా సమాధి చేశారు. రాతి మీద పేరు, పుట్టిన, మరణించిన తేదీలే.

ఆయన విత్తిన విత్తనం తరువాత మొలకెత్తింది. ఆయన నియమాలను బట్టి చూస్తే విద్యుత్తు కూడా పరమాణువుల్లాంటి భాగాలుగా ఉండక తప్పదని 1881లో హెల్మ్‌హోల్ట్జ్ లండన్‌లో ఫారడే స్మారకోపన్యాసంలో చెప్పారు. ఐర్లండుకు చెందిన జాన్‌స్టన్ స్టోనీ 1891లో ఆ వంతుకు ఎలక్ట్రాన్ అని పేరు పెట్టారు. కేంబ్రిడ్జిలో జె.జె.థామ్సన్ 1897లో ఆ కణాన్ని గుర్తించారు. అది ప్రోటాన్ ద్రవ్యరాశిలో సుమారు 1836వ వంతు మాత్రమే. అమెరికాలో ఒక పాదిరి కుమారుడైన రాబర్ట్ మిల్లికన్, 1909 మొదలుకొని నూనె బిందువులను గాలిలో నిలబెట్టి దాని ఆవేశాన్ని కొలిచారు. ఏ బిందువును చూసినా అదే వంతు, లేదా దానికి రెండింతలు, మూడింతలు. ఎక్కడా ముక్క కాలేదు. తీగలో ఒక ఆంపియరు కరెంటు పారితే సెకనుకు సుమారు 62,400 కోట్ల కోట్ల ఎలక్ట్రాన్లు దాటిపోతాయి. వాటిలో ఒక్కటి కూడా తన పక్కదానికన్నా రవ్వంత ఎక్కువ ఆవేశం మోయదు, రవ్వంత తక్కువా మోయదు. 2019 నుంచి విద్యుత్ కొలతలకు ప్రపంచమంతా ఆ ఒక్క వంతునే స్థిరమైన ఆధారంగా పెట్టుకుంది.

మనలో కొందరికి సంఘంలో పెద్దరికం దక్కలేదన్న బాధ ఉంటుంది. కొందరికి చేసిన పనికి పేరు రాలేదన్న కొరత ఉంటుంది. ఎవరో ఒక మాట అన్నారని ఆరాధనకు రావడం మానేసినవారు, సంఘాన్నే చీల్చుకుపోయినవారు మనకు తెలియనివారు కాదు. తెలియని సంగతిని తెలిసినట్టు చెప్పి మెప్పు పొందాలన్న ఆశ బోధకులకు కూడా కలుగుతుంది. అటువంటి వేళ, వారానికి ఒక రొట్టె చేతపట్టుకున్న ఆ కమ్మరి ఇంటి బాలుణ్ణి జ్ఞాపకం చేసుకుందాం. వెలి వేసిన సంఘంలోనే పదహారేళ్లు వెనుక వరుసలో ఓర్పుతో కూర్చున్న ఆ వృద్ధుణ్ణి జ్ఞాపకం చేసుకుందాం. అనుదిన ఆహారం కోసం ప్రభువు నేర్పిన ప్రార్థనలో మనం అడిగేది ఆ రోజు రొట్టెనే. ఈ ఆదివారం ఆ ప్రార్థన చేసేటప్పుడు, దేవుడు మనకు కొలిచి ఇచ్చినదేమిటో, దాటి చేయి చాపినదేమిటో ఒక్క క్షణం ఆగి చూసుకుందాం.